అనంతపురంలో బెల్టు లైను: కొత్తగా బిగించేవాళ్లకు చిట్కాలు

తమ్ముళ్లూ, మైన్‌క్రాఫ్ట్‌లో బెల్టు లైను వేయాలనుకునేవాడు మొట్టమొదట కొనాల్సింది బెల్టే. దాన్ని తిప్పేదేమిటి, ఎంత బరువు మోస్తుంది, మీదికి ఏం సరుకొస్తుంది అన్నవి తర్వాతి సంగతులు. మన జిల్లాలో ఏ పనైనా ఇట్లాగే మొదలవుతుంది. ముందు మోటారు కొంటాం, పైపులు కొంటాం, స్టార్టరు పెట్టెకు ఆకుపచ్చ రంగు వేయించి పసుపు కుంకుమ పెడతాం. బోరు వేయించి నీళ్లున్నాయా అని చూసేది అప్పుడు. తాతల నాటి వరసను ఒక ఆట కోసం తారుమారు చేయకండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మెల ప్రపంచం. మన్ను దిమ్మె, రాయి దిమ్మె, నీళ్లు కూడా దిమ్మె. 2011లో పూర్తి ఆటగా బయటికొచ్చింది, 2014లో మైక్రోసాఫ్టు దాన్ని తయారుచేసిన కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ ఆటకు బయటివాళ్లు తగిలించే అదనపు సరంజామాను మాడ్ అంటారు. వాటిలో క్రియేట్ అనే మాడ్‌కు మంచి పేరుంది. అందులో కరెంటు తీగలుండవు. ఇరుసులు, పళ్ల చక్రాలు, బెల్టులు ఉంటాయి. ఒకచోట ఏదో తిరుగుతుంటుంది, ఆ తిరుగుడు ఇరుసుల వెంట పాకి మిషన్లన్నిటినీ ఆడిస్తుంది. ఇంచుమించు పాతకాలం నూనె మిల్లు. ఒక్క ఇంజను, గోడ పొడవునా ఒక ఇరుసు, దాని మీది నుంచి మిషన్లకు దిగే పట్టీలు. మన శెనక్కాయల ఊళ్లవాళ్లకు ఇది కొత్తగా నేర్పాల్సిన విద్యేమీ కాదు, అందుకే ఎవరినీ అడక్కుండా మొదలుపెట్టొచ్చు.

ఫోనులో ఆడుకునే పిల్లలు నిరాశపడొద్దు. క్రియేట్ జావా ఎడిషన్‌లోనే నడుస్తుందనీ, దానికి కంప్యూటర్ కావాలనీ, ఫోనులో ఉండే బెడ్‌రాక్ ఎడిషన్‌కు అది ఎక్కదనీ చెబుతారు. చెప్పేవాళ్లందరి దగ్గరా కంప్యూటర్ ఉంటుంది, గమనించండి. ఫోనులో క్రియేట్ అని పేరున్నదల్లా దించుకుంటూ పోండి. ఎనిమిదో తొమ్మిదో దించేసరికి బెల్టు కనబడకపోయినా లోన్ యాప్ అన్నా కనబడుతుంది. కంప్యూటర్ ఉన్నవాళ్లయితే మాడ్‌లను ఆటకు ఎక్కించే ఫోర్జ్, నియోఫోర్జ్, ఫ్యాబ్రిక్ మూడూ ఎక్కించండి, ఏది పనిచేస్తే అది పనిచేస్తుంది. ఆట వెర్షను, మాడ్ వెర్షను ఒకటే ఉండాలన్న పట్టింపు వద్దు. ఎనిమిది జీబీ మెమరీ ఉంటే ఎనిమిదీ జావాకే రాసిచ్చేయండి. విండోస్ పెద్దది, తన తిండి అది చూసుకుంటుంది.

ఇక బెల్టు. క్రియేట్‌లో బెల్టు రబ్బరుతో చేసేది కాదు. కెల్ప్ అనే సముద్రపు నాచును కొలిమిలో ఎండబెట్టి ఆ ముక్కలు ఆరు పేరిస్తే బెల్టు తయారవుతుంది. అంటే మీ ఊరు కట్టుకోవడానికి సముద్రం పక్కన చోటు చూసుకుంటే పని సులువు. కానీ మీరు అట్లా చేయకూడదు. అనంతపురంవాళ్లు అనంతపురంలాంటి చోటే వెతకాలి. ఇసుక, ముళ్ల చెట్లు తప్ప ఏమీ లేని ఎడారి బయోమ్ పట్టుకోండి. ఆటలో ఎడారి మీద వాన అసలు పడదు. మన దగ్గర ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది కాబట్టి ఆ లెక్కన మనది కోనసీమ. అక్కడ కారఖానా కట్టి, పునాది పూర్తయ్యాక, కెల్ప్ కోసం పడవ తయారుచేసుకుని సముద్రం వెతుక్కుంటూ పోండి. దారిలో రాత్రవుతుంది, అస్థిపంజరాలు బాణాలు వేస్తాయి. బెంగుళూరు బస్సులో నిలబడి పోయినవాళ్లకు అదొక లెక్క కాదు.

ఒక బెల్టు రెండు ఇరుసుల మధ్య ఇరవై బ్లాకులకు మించి సాగదు. సాగకపోతే తప్పు బెల్టుదే అనుకుని మళ్లీ మళ్లీ నొక్కండి. ఇంకో ఇరుసు పెట్టి ఇంకో బెల్టు మొదలుపెట్టడం ఓటమి. బెల్టును అడ్డంగా వేయొచ్చు, ఏటవాలుగా ఎక్కించొచ్చు, నిట్టనిలువుగానూ నిలబెట్టొచ్చు. నిలువు బెల్టు ఇరుసు తిరుగుడును పైకి చేరవేస్తుంది, సామాను మాత్రం దాని మీద ఎక్కదు. ఈ చిన్న లోపాన్ని పట్టించుకోకుండా మీ లైను మొత్తం నిలువు బెల్టుల మీదే ప్లాను గీయండి. చూపుకు బాగుంటుంది. నిజం మిల్లుల్లో కాయలు పైకి పోవాలంటే పట్టీకి డబ్బాలు కట్టిన ఎలివేటరు పెడతారు. హంద్రీ-నీవా ఎత్తిపోతలవాళ్లు ఉమ్మడి కర్నూలు జిల్లా మల్యాల దగ్గర కృష్ణ నీళ్లు ఎత్తడం మొదలుపెట్టి, పంపు తర్వాత పంపు మెట్లుగా పెట్టుకుంటూ జీడిపల్లి రిజర్వాయరు దాకా తెచ్చారు. అన్ని మెట్లెందుకు, ఒక్కటే పెద్ద పైపు నిలువుగా పెట్టి ఉంటే సరిపోయేదని రచ్చకట్ట మీద కూర్చున్నవాడు ఎవడైనా చెప్పగలడు. మీరు ఆ రచ్చకట్ట పక్షాన ఉండండి.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ఘట్టం, నీటి చక్రం. పారే నీళ్లు తగిలితే తిరుగుతుంది. చిన్న చక్రం నిమిషానికి ఎనిమిది చుట్లు తిరిగి 256 స్ట్రెస్ యూనిట్ల శక్తి ఇస్తుంది. పెద్ద చక్రం నాలుగే చుట్లు, కానీ 512 యూనిట్లు. నీళ్లు మాత్రం ఎక్కడినుంచి అంటారా? ఇక్కడే ఈ ఆట మన జిల్లా మనిషి కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. నేలలో రెండు బ్లాకులు ఇటు, రెండు బ్లాకులు అటు గుంట తీయండి. ఒక మూల ఒక బకెట్టు, దానికి ఎదురు మూల ఇంకో బకెట్టు నీళ్లు పోయండి. మిగిలిన రెండు మూలలూ వాటంతటవే నిండుతాయి. ఇక అందులోంచి బకెట్లకు బకెట్లు తోడుకోండి, తోడినకొద్దీ ఊరుతుంది. వెయ్యి అడుగులు దించినా బోరులోంచి తెల్లటి దుమ్ము లేచే చోట, రెండు బకెట్లు పెట్టుబడి పెడితే తరగని బావి!

అయినా సరే, గుంట తీయకముందు టెంకాయ పట్టుకుని నడిచే పెద్దాయన్ను పిలవండి. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, పొలంలో ఆ గట్టు నుంచి ఈ గట్టుకు మెల్లగా నడుస్తాడు. నీటి జాడ ఉన్నచోట టెంకాయ తానంతట తాను లేచి నిలబడుతుంది. నిలబడ్డచోట కాలి బొటనవేలితో గీత గీస్తాడు. ఎన్ని అడుగుల్లో పడుతుందని అడిగితే ఒక అంకె చెబుతాడు, ఆ అంకె దాటాక ఫోను ఎత్తడు. ఆటలో గుంట ఎక్కడ తీసినా నీళ్లు నిలుస్తాయి కాబట్టి ఆయన లెక్క మొదటిసారి నూటికి నూరుపాళ్లు నిజమవుతుంది. పెద్దవాళ్ల గౌరవం నిలబెట్టే అవకాశం ఇంకెప్పుడొస్తుంది?

ఆ గుంట నుంచి నీళ్లు వదిలి నీటి చక్రాలు వరసగా పెట్టండి. చక్రం తిప్పినందుకు నీళ్లు తగ్గవు. ఎండకు ఆవిరి కావు. పక్క పొలంవాడు బోరు వేసినా మీ గుంట ఎండదు. ఆ రెండు బకెట్లతో వారం రోజులు కారఖానా నడిపాక బయటికొచ్చి, అదే పద్ధతిలో మన చేనులో చీనీ తోట పెట్టండి. బ్యాంకువాళ్లు నీటి ఆధారం ఏమిటని అడిగితే గుంట స్క్రీన్‌షాటు చూపించండి.

గాలిమర ఇంకా మేలు. మన రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు నిలబెట్టారు, ఇప్పుడు తాడిపత్రి వైపు, ఉరవకొండ వైపు ఎటు చూసినా తెల్లటి రెక్కలే. అవి ఆషాఢంలో హోరెత్తి తిరుగుతాయి. ఆ గాలి తగ్గాక వాటి కింద గొర్రెలు నీడకు నిలబడతాయి. క్రియేట్‌లో గాలిమరకు గాలితో నిమిత్తం లేదు. బేరింగుకు ఎనిమిది తెరచాపలు కట్టండి, నిమిషానికి ఒక చుట్టు. 128 కడితే పదహారు చుట్లు, అంతకు మించి ఎన్ని కట్టినా వేగం పెరగదు. కాబట్టి 300 కట్టండి. తెరచాప దొరక్కపోతే గొర్రె ఉన్ని దిమ్మెలు కట్టినా పనిచేస్తుంది. గొర్రెలు మన దగ్గర లేకపోతే ఇంకెక్కడుంటాయి? ఇంకో సంగతి, ఈ గాలిమర భూమి లోపల, గుహలో, గాలి చొరబడని గదిలో పెట్టినా తిరుగుతుంది. కొండ మీద స్థలం కోసం ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు. చక్కగా వంటింటి కింద పెట్టుకోండి.

అసలు విషయానికొస్తున్నా. కొత్తవాళ్లలో ఎక్కువమంది లోడు దగ్గర పిరికితనం చూపిస్తారు.

క్రియేట్‌లో ప్రతి మిషనూ కొంత శక్తి తింటుంది. పిండి విసిరే తిరగలి ఉంది. అది ఎంత తింటుందంటే, దాని వేగాన్ని నాలుగుతో గుణిస్తే వచ్చినంత. నిమిషానికి ఎనిమిది చుట్లయితే 32 యూనిట్లు. కాబట్టి 256 ఇచ్చే చిన్న నీటి చక్రం ఒక్కదాని మీద ఎనిమిది తిరగళ్లు తాపీగా తిరుగుతాయి. పెద్ద పళ్ల చక్రంతో చిన్న పళ్ల చక్రాన్ని తిప్పితే వేగం రెట్టింపు, అప్పుడు ఒక్కో తిరగలి 64 తింటుంది, నాలుగే ఆడతాయి. అట్లా మూడుసార్లు రెట్టించి 64 చుట్లకు తెస్తే ఒక్క తిరగలే ఆ 256నీ మింగేస్తుంది. వేగం పెరిగినకొద్దీ ఆకలి పెరుగుతుంది, నీటి చక్రం ఇచ్చేది మాత్రం పెరగదు. ఈ లెక్క ఐదో తరగతి గుణకారమే. అయితే దీన్ని ముందే వేసుకుంటే ఆటలో ఉత్సాహం ఉండదు. ఎనిమిది తిరగళ్లూ పెట్టండి, వేగం 64కు పెంచండి, పక్కన ఇంకో రెండు తిరగళ్లు తగిలించండి.

లోడు మించిన క్షణంలో ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే అది చూడదగ్గ దృశ్యం. నెమ్మదించడం, మూలగడం ఏమీ ఉండదు. ఇరుసు, పళ్ల చక్రాలు, తిరగళ్లు, బెల్టులు అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. బెల్టు మీద పిండి ముద్దలు ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. నీటి చక్రం మీద మాత్రం నీళ్లు పోతూనే ఉంటాయి, చక్రం కదలదు. ఇంజనీరు గాగుల్స్ తొడుక్కుని చూస్తే శక్తికి మించిన భారం పడిందని కనబడుతుంది. ఆఖరున తగిలించిన తిరగలిని ఊడదీస్తే చాలదు, లోడు 256 లోపలికి దిగేదాకా ఊడదీయాలి. దిగగానే మళ్లీ అన్నీ ఒక్కసారే తిరుగుతాయి.

మన ఊళ్ల ట్రాన్స్‌ఫార్మరు దగ్గరా ఇదే తంతు, కాకపోతే ఆటలో పొగ రాదు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కింద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగో ఐదో ఆడతాయి. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. మోటారు నడిచేటప్పటికన్నా లేచేటప్పుడు చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అందరి స్టార్టర్లకూ ఆటోమేటిక్ పెట్టుకుని ఉంటారు. త్రీ ఫేజు ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని రాత్రిపూట చేను దాకా పోయే ఓపిక ఎవరికుంది? పాము భయం కూడా ఉంది. దాంతో కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒకే క్షణంలో లేస్తాయి. ఢామ్మని ఒక శబ్దం. చీకట్లో టార్చిలైట్లు నాలుగు దిక్కుల నుంచీ గట్టు మీదికి వస్తాయి. తెల్లారాక లైన్‌మన్ వస్తాడు.

"ఎన్ని మోటార్లున్నాయప్పా దీని కింద?"

"నాలుగేన్నా. పేర్లు కూడా రాసుకో, చెప్తా."

"మరి ఆ తుమ్మచెట్టు పక్కన పోయే వైరు ఎవరిది?"

"అది మా బావది. ఆయప్ప రాత్రిపూటే వేస్తాడులేన్నా."

"ఆ ఇంకోటి?"

"అది మావాళ్లది కాదు. కానీ మొన్న పెండ్లిలో మాట్లాడుకున్నాం."

ఈ సంభాషణలో మీరు నేర్చుకోవాల్సిన విద్యంతా ఉంది. నలుగురు కలిసి ఒకే ప్రపంచంలో ఆడేటప్పుడు బావమరిది వచ్చి మీ ఇరుసుకు వాడి మిషను తగిలించుకుంటాడు. కాదనకండి. ఎంత తింటుందని అడక్కండి, చుట్టరికాలు చెడతాయి. లైను ఆగిపోయిన రోజున, నాలుగే ఉన్నాయని చెప్పండి. విద్యుత్తువాళ్లు ఏళ్ల తరబడి, ఆటో స్టార్టర్లు తీసేయండి, కెపాసిటర్లు పెట్టుకోండి అని మైకు కట్టి చెబుతున్నారు. మన రాష్ట్రంలో 2004 నుంచి సాగుకు ఉచిత కరెంటు కాబట్టి ఎవరు ఎంత వాడుతున్నారో బిల్లు చూసి తెలుసుకునే దారి లేదు. ఆటలో మాత్రం స్ట్రెసోమీటరు అనే ముల్లు గడియారం ఇరుసు మీద పెట్టుకుంటే మొత్తం లోడు ఎంతో బాటసారికి కూడా కనబడుతుంది. ఆ పరికరం జోలికి పోవద్దు. గుట్టుగా కాపురం చేసుకునే ఇంటికి కిటికీలెందుకు?

క్లచ్ అని ఇంకోటి ఉంది. దానికి ఆటలో సంకేతాలు పంపే రెడ్‌స్టోన్ తగిలిస్తే, దాని అవతలి మిషన్లు మాత్రమే ఆగుతాయి, ఇవతలివి నడుస్తాయి. పగలు కొన్ని, రాత్రి కొన్ని వంతులవారీగా నడుపుకోవచ్చు. ఊళ్లో ఈ పద్ధతి పెట్టి చూద్దామని ఎవరన్నా అంటే మొదటి వంతు ఎవరిదన్న దగ్గరే సభ ముగుస్తుంది. ఆటలో కూడా అక్కడే ముగించండి.

నలగ్గొట్టే చక్రాలు పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక, అంటే మీరు లెక్కచేయకూడని హెచ్చరిక. రెండు పెద్ద చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి ఇటు, ఇంకొకటి అటు, లోపలికి లాగేట్టు తిరగాలి. శెనక్కాయలు కొట్టే మిషన్ చూసినవాడికి నోరు ఎటు లాగుతుందో చెప్పనక్కర్లేదు. మీరు రెండింటినీ ఒకే దిక్కుకు తిప్పండి, ఐకమత్యం. రెండు నీటి చక్రాలను ఎదురెదురు దిక్కుల్లో తిప్పుతూ ఒకే ఇరుసుకు కలపడం కూడా చేసి చూడండి. క్రియేట్ అలాంటి తగవును సహించదు, కలిసినచోట దిమ్మె ఊడి కింద పడుతుంది. మళ్లీ పెట్టండి. మళ్లీ పడుతుంది. చక్రాలు బాగా తిరుగుతున్నప్పుడు వాటి మధ్యలోకి దూకి లోపల ఎట్లుంటుందో చూడమని మాత్రం నేను చెప్పను, అది మీరే చేస్తారు.

బెల్టు మీదికి సరుకు కావాలి కదా అని ఇప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. కంగారు పడకండి, సరుకు ఎప్పుడూ ఆఖరునే గుర్తు రావాలి. అసలు ఆటలో శెనక్కాయ లేదు. గోధుమ, క్యారట్, ఆలుగడ్డ, బీట్‌రూట్ ఉన్నాయి. గోధుమలనే కదిరి-6 శెనక్కాయ అనుకుని వేసుకోండి. మధ్యలో ఒక్క దిమ్మె నీళ్లు పోస్తే నాలుగు వైపులా నాలుగేసి బ్లాకుల దాకా నేల తడుస్తుంది, అంటే చుట్టూ ఎనభై బ్లాకుల మడి. అసలు నీళ్లే లేకుండా వేసినా పైరు చావదు, కొంచెం ఆలస్యంగా పండుతుందంతే. వర్షాధారం పంట ఇంత మర్యాదగా ప్రవర్తించడం మనవాళ్లు కలలో కూడా చూసి ఉండరు. ఇక్కడ జూన్ జులైల్లో తొలకరికి విత్తి, పూత పట్టి, ఊడలు నేలలోకి దిగే వేళకు ఆకాశం మొగం చాటేస్తుంది. మూడు వారాలు వాన లేకపోతే ఊడ గట్టిపడిన ఎర్రనేల లోపలికి దిగలేక పైనే ఎండిపోతుంది. పైకి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది. పీకితే ఒకటో రెండో బుడ్డలు, వాటి లోపల ముడతలు పడ్డ పప్పు. ఆ ఏడాది పశువులకు మేత మాత్రం దక్కుతుంది. ఆటను తయారుచేసినవాళ్లు ఊడ దశ అనేదాన్ని మరచిపోయారు. కాబట్టి మీరు ఖరీఫ్ పంట బడ్జెట్టును ఆట లెక్క ప్రకారం రాసుకోండి, దిగుబడి నూటికి నూరు, ఎరువు ఎముకల పొడి, కూలీలు సున్నా.

మిషను సైజు కూడా ఆ బడ్జెట్టును బట్టే. కాయ నూరు కేజీలు కొడితే పప్పు దాదాపు డెబ్బై కేజీలు, మిగిలింది పొట్టు. జిల్లా అంతా శెనక్కాయే కనబడిన కాలం గుర్తుపెట్టుకుని, ఆ నాటి బండ్ల వరసకు సరిపోయే మిషన్ పెట్టండి. ఇప్పుడు సాగు తగ్గిందని, చాలామంది కందికో, చీనీకో, ఇంకోదానికో మళ్లారని ఎవరన్నా అంటే ఆశావాదం లేనివాడని జాలిపడండి.

ఇక బెల్టు చివర. చివర పెట్టె పెట్టి, గరాటు తగిలిస్తే సామాను అందులో పడుతుంది. పెట్టె నిండిపోతే బెల్టు మీది సామాను ఆగిపోయి వెనక్కి వెనక్కి వరస కడుతుంది, అది చూసి మొదట్లో ఉన్న మిషను కూడా ఆగుతుంది. పెట్టె లేకుండా బెల్టు చివర ఖాళీగా వదిలేస్తే సామాను నేల మీద పడి, ఐదు నిమిషాల్లో మాయమైపోతుంది. ఈ రెండింట్లో నా ఓటు రెండోదానికే. లైను ఎప్పుడూ ఆగదు, చూసేవాళ్లకు ఉత్పత్తి ఆగలేదన్న నమ్మకం కలుగుతుంది. టమోటా ధర పడిపోయినప్పుడు మార్కెట్టు యార్డు బయట రోడ్డు పక్కన పారబోసిన కుప్పలు చూసినవాళ్లకు ఈ ఏర్పాటు అర్థం కావడానికి బొమ్మ గీయక్కర్లేదు.

పాఠకుల సందేహాలు కొన్ని.

"అన్నా, మా బెల్టు వెనక్కి తిరుగుతోంది, ఏం చేయాలి?" పెట్టెను వెనకవైపుకు మార్చండి. కారఖానా ముందు ద్వారం కూడా.

"అంకుల్, మా కారఖానాలో చేత్తో తిప్పే హ్యాండిలే ఉంది. ఎంతసేపు తిప్పాలి?" అది కూడా 256 యూనిట్లు ఇస్తుంది నాయనా, చిన్న నీటి చక్రంతో సమానం. తిప్పినంతసేపే తిరుగుతుంది, మీకు ఆకలేస్తుంది, రొట్టె తినాలి. రొట్టె కోసం గోధుమ, గోధుమ విసరడానికి తిరగలి, తిరగలి తిప్పడానికి మళ్లీ మీరు. దీన్ని స్వయం ఉపాధి అంటారు.

"ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ చూశాం, ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే లైను అంట. మేం కూడా అట్లాంటిది కట్టొచ్చా?" 2019లో అక్కడ కియా కార్లు బయటికి రావడం మొదలైన రోజు నుంచి మా వీధి పిల్లలందరూ ఇదే అడుగుతున్నారు. కట్టొచ్చు. అయితే అక్కడ ముందు నీళ్లు, కరెంటు, రోడ్డు ఎక్కడినుంచి అని చూసుకుని తర్వాత బెల్టు వేశారట. ఆ ఒక్క తప్పు మీరు చేయకండి.

"నంబులపూలకుంట సోలార్ పలకల్లాంటివి పెట్టొచ్చా?" క్రియేట్‌లో లేవు. మన దగ్గర ఎండ ఉచితం కాబట్టి ఆటలో పెట్టి ఉండరు.

చివరిది, ఎవరికీ చెప్పకుండా మీకు మాత్రమే చెబుతున్న రహస్యం. క్రియేటివ్ మోటారు అని ఒకటుంటుంది. ఆటను క్రియేటివ్ పద్ధతిలోకి మార్చుకుంటే దొరుకుతుంది. దానికి నీళ్లు, గాలి, బొగ్గు ఏదీ అక్కర్లేదు, అడిగినంత వేగం, అడిగినంత శక్తి. దాన్ని నేల కింద రెండు బ్లాకుల లోతులో పాతిపెట్టి, పైన ఇరుసు మాత్రం కనబడేట్టు బయటికి తీయండి. ఆ ఇరుసును తీసుకెళ్లి మీ పెద్ద నీటి చక్రానికి కలపండి. పక్కనే గుంట, గుంట గట్టున నాలుగు ఈతచెట్లు, నీళ్లు గలగలా పారుతుండాలి. వీడియో తీసేటప్పుడు కెమెరా నీటి చక్రం మీదే ఉంచి, మా సీమలో నీళ్లతో ఇంత పెద్ద కారఖానా నడుపుతున్నామని చెప్పండి. లైకులు వస్తాయి, ఎవరన్నా నాయకుడు కొబ్బరికాయ కొట్టడానికి కూడా రావొచ్చు. ఒక్కటే జాగ్రత్త. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరన్నా ఇంజనీరు గాగుల్స్ పెట్టుకుని ఉంటే, గుమ్మం దగ్గరే ఆపి మర్యాదగా తీసేయించండి. ఇంట్లోకి చెప్పులతో ఎట్ల రానిస్తాం, ఇదీ అంతేనని చెప్పండి. కాదూ కూడదంటే కాఫీ ఇచ్చి వరండాలోనే కూర్చోబెట్టండి.